అమ్మ పుట్టినరోజుకు అందరూ వస్తున్నప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటున్న అమ్మ పుట్టినరోజుకు విశాఖ, విజయవాడల నుంచి పిల్లలూ మనవలూ వస్తున్నట్లయితే, రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందే మొదలవుతుందని గుర్తుంచుకోవాలి. చాలామంది పలాసలో దిగి రోడ్డు మీదుగా వస్తారు కనుక, బండి చేరే వేళకు వాహనం మాట్లాడి ఉంచాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఆ రోజు అమ్మను వంటింట్లోకి రానివ్వకపోవడం. "నేనుండగా మీకెందుకే శ్రమ" అంటూ ఆమె తెల్లవారకముందే పొయ్యి వెలిగిస్తుంది. అందుకే పనులను కోడళ్లూ కూతుళ్లే కాక కొడుకులూ అల్లుళ్లూ కూడా ముందురోజు రాత్రే పంచుకోవాలి. పరమాన్నంలో బియ్యం పాలలో మెత్తగా ఉడికి, గిన్నె దించి కాస్త చల్లారిన తరువాతే బెల్లం పాకం కలపాలి. మరుగుతుండగా పోస్తే పాలు విరిగిపోతాయి. వండినవాటిని రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు.

అమ్మకు మధుమేహం ఉండి మందులు వాడుతుంటే, అందరూ వచ్చేదాకా భోజనం ఆపడం వల్ల షుగరు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, కేకు కోయడం ఆలస్యమైనా సరే, ఆమెకు వేళకు వడ్డించాలి.

ఒడియా ఇరుగుపొరుగును భోజనానికి పిలిచేటట్లయితే, వారిలో చాలామంది కార్తీకమాసంలో మాంసాహారం ముట్టరు కనుక, ముందే అడిగి తెలుసుకోవడం మర్యాద.