అమరావతా, రాజమండ్రా? ఏ ఊరికి వెళ్లాలో తేల్చుకోవడం ఎలా?

ఒకటి కృష్ణ ఒడ్డున, ఇంకొకటి గోదావరి ఒడ్డున. రెండూ చరిత్ర పుస్తకాల్లో చదువుకున్న ఊళ్లే. సెలవు దొరికి ఏదో ఒకదానికే వెళ్లగలిగితే చాలామంది దూరం, ఖర్చు చూసి తేల్చేస్తారు. వాటికంటే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అమరావతి గొప్పతనంలో చాలా భాగం ఇప్పుడు అమరావతిలో లేదు. అందుకే అక్కడికి కాస్త చదువుకుని వెళ్లాలి. రాజమండ్రికి చదువు అక్కర్లేదు గానీ తీరిక కావాలి. మీ దగ్గర ఈ రెండింటిలో ఏది ఉందో చూసుకుంటే సగం పని అయినట్టే.

1. ముందు ఏ అమరావతో ఖాయం చేసుకోండి

వెలగపూడి, మందడం వైపు ఉన్న రాజధాని ప్రాంతం వేరు, స్తూపం ఉన్న పాత ఊరు వేరు. రెంటికీ మధ్య చాలా కిలోమీటర్లు ఉంటాయి. కారు మాట్లాడుకునేటప్పుడు "అమరలింగేశ్వరస్వామి గుడికి" అని చెబితే గందరగోళం ఉండదు. ఆ ఊరికి రైలు లేదు. గుంటూరులోనో విజయవాడలోనో దిగి రోడ్డు మీద వెళ్లాలి. రాజమండ్రి మాత్రం చెన్నై-హౌరా ప్రధాన లైను మీద ఉంది, చాలా రైళ్లు ఆగుతాయి.

2. ఎన్ని రోజులున్నాయో లెక్కేసుకోండి

ఒక్క పగలే ఉంటే అమరావతి. గుడి, స్తూపం, మ్యూజియం, 125 అడుగుల ధ్యాన బుద్ధుడి విగ్రహం అన్నీ తిరిగినా సాయంత్రానికి వెనక్కి రావచ్చు. రాజమండ్రికి కనీసం ఒక రాత్రి పెట్టుకోండి. ఆ ఊరు తూర్పు గట్టున ఉంది కాబట్టి సూర్యుడు ఏటికి అవతల, కొవ్వూరు వైపు దిగుతాడు. ఆ వేళకు గట్టు మీద లేకపోతే ఆ ప్రయాణంలో సగం పోయినట్టే.

3. అమరావతి అనుకుంటే, బయల్దేరే ముందు ఒక గంట చదవండి

ఇది దాటేయకండి. మహాచైత్యం, అంటే ఇక్కడి స్తూపం, సాంచీలోలాగా పెద్ద గుమ్మటంతో ఉంటుందనుకుని వెళ్లినవాళ్లు, గడ్డి మధ్య గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని రాతి పలకలు చూసి పది నిమిషాల్లో బయటికొచ్చేస్తారు. ఎంత అన్యాయం! 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు ఈ దిబ్బ రాళ్లు, ఇటుకలు కట్టడాలకు పోయాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. ఆ తర్వాత తవ్వకాల్లో దొరికిన శిల్పాల్లో చాలావాటిని మద్రాసుకు తరలించారు. అక్కణ్నుంచి కొన్ని లండన్ వెళ్లాయి. ఇవాళ అమరావతి శిల్పాలను నిండుగా చూడాలంటే చెన్నై ఎగ్మోరు మ్యూజియానికో, బ్రిటిష్ మ్యూజియానికో వెళ్లాలి.

అందుకని ముందే ఫోన్‌లో కొన్ని ఫొటోలు దింపుకోండి. చెన్నైలో ఉన్న నాలాగిరి పతకం, అంటే నాలాగిరి అనే మదపుటేనుగు కథ చెక్కిన శిల్పం, వాటిలో తప్పకుండా ఉండాలి. ఒకే గుండ్రటి రాతిలో ఒకే ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు వీధిలో జనాన్ని తొక్కుకుంటూ వస్తుంటుంది, ఇంకోవైపు బుద్ధుడి కాళ్ల దగ్గర మోకరిల్లి ఉంటుంది. పై కిటికీల్లోంచి మనుషులు తొంగి చూస్తుంటారు. దాన్ని చూశాక ఆ దిబ్బ చుట్టూ నడిస్తే, ఇలాంటివి ఎన్ని ఇక్కడ వరసగా నిలబడి ఉండేవో ఊహకు అందుతుంది. ఊళ్లోని పురావస్తు శాఖ మ్యూజియంలో మిగిలిన శిల్పాలున్నాయి. దానికి శుక్రవారం సెలవు, ఆ రోజు పెట్టుకోవద్దు.

గుడిలో తెల్లటి లింగం సుమారు పదిహేను అడుగుల ఎత్తుంటుంది. అర్చకులు పైకెక్కి అభిషేకం చేస్తారు.

4. రాజమండ్రి అనుకుంటే, నదికి దగ్గరగా ఉండండి

ధవళేశ్వరం దగ్గర పాయలుగా చీలకముందు గోదావరి ఇక్కడ ఒక్కటిగా ఉంటుంది. అందుకే అఖండ గోదావరి అంటారు. కింద బ్యారేజీ నీళ్లను నిలబెడుతుంది కాబట్టి ఎండాకాలంలోనూ ఏరు బోసిపోదు. పుష్కర ఘాట్ దగ్గర్లో గది తీసుకోండి. 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయిన హేవలాక్ వంతెన, రోడ్డూ రైలూ కలిసిన వంతెన, విల్లు వంపుల వంతెన, మూడూ గట్టు మీంచి కనిపిస్తాయి. మరుసటి పొద్దున కందుకూరి వీరేశలింగం ఇల్లు చూడండి. 1881 డిసెంబర్ 11న ఆయన చేయించిన మొదటి వితంతు వివాహం ఈ ఊళ్లోనే జరిగింది. తర్వాత ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం. 1852లో పూర్తయిన ఆనకట్ట డెల్టాను ఎలా మార్చిందో అక్కడ అర్థమవుతుంది. టైముంటే కడియం నర్సరీలు, పూలకైతే చలికాలం.

5. కాలం, తోడు చూసుకోండి

రెంటికీ నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచిది. జులై నుంచి సెప్టెంబర్ దాకా గోదావరికి వరదలు, పాపికొండల బోట్లు ఆపేస్తుంటారు. బోటు కోసమే వెళ్తుంటే ముందురోజు కనుక్కోండి. 2027లో గోదావరి పుష్కరాలు, 2028లో కృష్ణా పుష్కరాలు. స్నానం కోసమైతే సరే, ఊరు చూడాలంటే ఆ పన్నెండు రోజులూ వదిలేయండి. పెద్దవాళ్లు పంచారామాలు చూస్తామంటే రాజమండ్రిలో దిగడమే మేలు. ద్రాక్షారామం, సామర్లకోట అక్కణ్నుంచి దగ్గర.

ఇంకా తేలకపోతే, మూడు రోజులు కుదిరేదాకా ఆగి రెండూ కలిపేయండి. పొద్దున అమరావతి చూసి విజయవాడ చేరుకుంటే రాజమండ్రి అక్కణ్నుంచి సుమారు 150 కిలోమీటర్లే, సాయంత్రం రైలెక్కితే రాత్రికి చేరిపోతారు. మిగతా రెండు రోజులూ గోదావరికి ఉంచుకోండి.