మిర్రర్‌లెస్‌కి మారే ముందు లెన్సుల బ్యాగు విప్పండి

డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) అమ్మేసి, అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరా కొందామనుకుంటే, బాడీ (లెన్సు లేకుండా కెమెరా) ధర కంటే ముందు మీ దగ్గరున్న లెన్సులు చూసుకోండి. కానన్ డీఎస్‌ఎల్‌ఆర్‌ల ఈఎఫ్ లెన్సులు అడాప్టర్ (పాత లెన్సును కొత్త బాడీకి కలిపే రింగు) పెడితే ఆ కంపెనీ మిర్రర్‌లెస్ ఆర్ సిరీస్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా చక్కగా పనిచేస్తాయి. నికాన్‌తోనే జాగ్రత్త. లెన్సు మీద ‘ఏఎఫ్-ఎస్’ అని ఉంటే ఫరవాలేదు. నా 50 ఎంఎం 1.8డి లాంటి పాతవాటిలో ఫోకస్ తిప్పే మోటారు ఉండదు. వెనక మౌంటు అంచున స్క్రూ తలలాంటి చిన్న గాడి కనిపిస్తుంది. అలాంటివాటికి నికాన్ మిర్రర్‌లెస్‌కి వాడే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టినా చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. తలంబ్రాలు పోసేటప్పుడు అది కుదిరే పని కాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేనైతే సోనీయే చెప్తాను, దానికి సిగ్మా, టామ్రాన్ లాంటి వేరే కంపెనీల లెన్సులు బోలెడు దొరుకుతాయి. ఏది కొన్నా బ్యాటరీలు అదనంగా తీసుకోండి: ఒక్క చార్జికి నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ డీ750 లెక్క 1,230 ఫొటోలైతే, వాళ్ల మిర్రర్‌లెస్ జెడ్6 లెక్క 310.