లారెన్స్ తరహాలో చిన్న ముఖచిత్రం: పెన్సిలు, రెండు చాక్‌లు

ఇంగ్లండ్ చిత్రకారుడు థామస్ లారెన్స్ (1769–1830) అనగానే రాజుల నిలువెత్తు తైలవర్ణ చిత్రాలే గుర్తొస్తాయి. దగ్గరివాళ్లకు వేసిన చిన్న బొమ్మల్లో మాత్రం పెన్సిలు, దానిమీద కాస్త ఎర్ర చాక్, కాస్త నల్ల చాక్ వాడాడు. ఆ పద్ధతి ఇది.

సన్నటి గరుకున్న క్రీమ్ రంగు కాగితం, సుమారు 25 × 20 సెం.మీ. తీసుకోండి. హెచ్‌బి, 2బి పెన్సిళ్లు, ఎర్ర, నల్ల చాక్ పెన్సిళ్లు, పేపర్ స్టంప్ (రంగును రుద్ది పరచడానికి కాగితాన్ని గట్టిగా చుట్టి చేసిన కడ్డీ), ముద్దలా నలిగే రబ్బరు కావాలి. మామూలు కలర్ పెన్సిల్ వద్దు. అందులో మైనం ఉంటుంది, స్టంప్‌తో రుద్దినా కదలదు.

మనిషిని మీటరున్నర దూరంలో, కిటికీ వెలుగు ఒక్క పక్క నుంచే పడేలా కూర్చోబెట్టండి. చేతికి పుస్తకం ఇస్తే ఇంకా మేలు. 1850లలో చిత్రకారుడు రొసెట్టి గీసిన బొమ్మల్లో ఆయన మోడల్ ఎలిజబెత్ సిడాల్ చాలాసార్లు మనవైపు చూడదు. ఆ బొమ్మల్లోని చనువంతా అక్కడే ఉంది.

తల ఎత్తు 9 సెం.మీ. దాటనివ్వకండి. హెచ్‌బితో తేలిగ్గా రూపురేఖ గీయండి. తల నిటారుగా ఉంటే కళ్లు నడినెత్తికీ గడ్డానికీ సరిగ్గా మధ్యలో వస్తాయి. జుట్టు ఎత్తు మరిచిపోయేవాళ్లు కళ్లను పైకి జరిపేస్తారు, నుదురు కుంచించుకుపోతుంది. నీడ వైపు 2బితో సన్న గీతలు వేసి, వెలుగు వైపు కాగితాన్ని అలాగే వదలండి.

ఎక్కువమంది పాడుచేసుకునేది తర్వాతి దశలోనే. పెన్సిలుతో నున్నగా మెరిసే చోట నల్ల చాక్ జారిపోతుంది, పట్టదు. అందుకే కంటిపాప, పై రెప్ప అంచు, ముక్కు రంధ్రం, పెదాల మధ్య గీత ముందుగా ఖాళీగా ఉంచి, చాక్‌తోనే నింపాలి. పెదాల గీతను మూలల్లో నొక్కి, మధ్యలో తేలిగ్గా లాగండి. ఒకే మందంతో లాగితే నోరు కుట్టేసినట్టుంటుంది.

ఎర్ర చాక్‌ను గరుకు కాగితం మీద అరగదీసి, ఆ పొడిని స్టంప్ కొసకు అద్దుకోండి. కింది పెదవి, ముక్కుపుటం, కంటి లోపలి మూల, చెవి తమ్మె, చివరగా చెంప. పెదాలకు ఎర్ర అంచు గీయొద్దు. రంగు ఎక్కువైతే రబ్బరుముద్దతో అద్ది పైకి లాగండి. రుద్దితే పొడి కాగితంలోకి దిగి గులాబి మరక మిగులుతుంది.

బట్టలకు నాలుగైదు గీతలు చాలు. 1850లో చిత్రకారుడు జార్జ్ రిచ్‌మండ్ చాక్‌తో వేసిన నవలా రచయిత్రి షార్లెట్ బ్రాంటీ బొమ్మ చూడండి, చూపు ముఖం దగ్గరే ఆగిపోతుంది.

ఫిక్సేటివ్ (చాక్ పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) 30 సెం.మీ. దూరం నుంచి పలచగా కొట్టండి. దట్టంగా పడితే ఎరుపు నల్లబడుతుంది. ఫ్రేమ్ కట్టేటప్పుడు అద్దం బొమ్మకు తగలకుండా చుట్టూ మౌంట్ (మందపాటి అట్ట అంచు) పెట్టించండి.