ఇష్టమైన పుస్తకాన్ని మళ్లీ మళ్లీ చదవడం ఎలా

మీకు ఇష్టమైన పుస్తకం ఏదని అడిగితే వెంటనే నోటికి వచ్చే పేరు ఒకటి ఉంటుంది. కూరగాయలు తరుగుతున్నప్పుడో, బస్సు కోసం నిలబడినప్పుడో ఎవరూ అడగకుండానే మనసులో మెదిలే మనుషులు మాత్రం ఒక్కోసారి ఇంకో పుస్తకంలోని వాళ్లై ఉంటారు. ఆ రెండో పుస్తకమే నిజంగా మీది. మళ్లీ చదవడానికి దాన్నే ఎంచుకోవాలి. పదిమందికీ చెప్పుకోవడానికి బాగుండే పుస్తకాన్ని ఎంచుకుంటే రెండోసారి సగం దాకా కూడా సాగదు. ఇలాంటి పుస్తకాలు ఒక మనిషికి రెండో మూడో ఉంటాయి, అంతకుమించి అక్కర్లేదు.

నాకు అలాంటి పుస్తకం గురజాడ అప్పారావు గారి నాటకం ‘కన్యాశుల్కం’. ఈ పద్ధతిని దాని ఆధారంగానే వివరిస్తాను. మీ పుస్తకం వేరే అయినా పద్ధతి మారదు.

మొదట సొంత ప్రతి ఉండాలి. గ్రంథాలయం పుస్తకం మీద గీతలు గీయకూడదు, గీతలు లేకపోతే ఈ పని జరగదు. కొనేముందు అది ఏ కూర్పో చూసుకోవాలి. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. ఆ తర్వాత గురజాడ దాన్ని ఎంతగానో పెంచి, చాలా భాగం తిరగరాసి 1909లో మళ్లీ ప్రచురించారు. ఇవాళ మనం సాధారణంగా చదివేది ఈ రెండో కూర్పునే. వేశ్య మధురవాణి పాత్ర ఇంతగా ఎదిగింది కూడా ఇందులోనే. రాసిన మనిషే పన్నెండేళ్ల తర్వాత తన పుస్తకం దగ్గరికి తిరిగి వచ్చి, అందులోని మనుషులను మరింత లోతుగా చూడగలిగాడంటే, చదివేవాళ్లం మనం ఒక్కసారితో సరిపెట్టుకోవడం న్యాయం కాదనిపిస్తుంది. నాటకంలోని ఆనాటి విజయనగరం మాటలు కొన్ని ఇవాళ అర్థం కావు కాబట్టి వెనక అర్థాలు ఇచ్చిన ప్రతి దొరికితే అదే కొనండి. హైదరాబాదులో ఉన్నవాళ్లు ఆదివారం ఆబిడ్స్‌ ఫుట్‌పాత్‌ మీద పాత పుస్తకాలు వెతకవచ్చు. విజయవాడ వైపు వాళ్లకు జనవరి మొదట్లో జరిగే పుస్తక మహోత్సవం ఉంది. విదేశాల్లో ఉన్నవాళ్లు ఇంటర్నెట్‌ ఆర్కైవ్‌లో స్కాన్‌ ప్రతులు చూడవచ్చు కానీ, వీలైతే ఈసారి ఊరికి వచ్చినప్పుడు కాగితం ప్రతి ఒకటి తీసుకువెళ్లండి.

ఇక అసలు పని. మెత్తటి పెన్సిలు ఒకటి పుస్తకంలోనే ఉంచుకోండి. బాల్‌పెన్ను వద్దు, ఏళ్లు గడిచేకొద్దీ సిరా కాగితం వెనకవైపుకు దిగి అవతలి పేజీని పాడు చేస్తుంది. చదవడం మొదలుపెట్టిన రోజున లోపలి అట్ట మీద తేదీ, ఊరు, మీ వయసు రాయండి. ఈ మూడింటిలో వయసు అన్నిటికన్నా ముఖ్యం. చదువుతున్నప్పుడు నచ్చిన వాక్యం కింద గీత గీసి ఊరుకోకండి, ఎందుకంటే పదేళ్ల తర్వాత ఆ గీత మీకు ఏమీ చెప్పదు. పక్కన నాలుగు మాటలు రాయండి: ఎందుకు నచ్చింది, ఎవరు గుర్తుకొచ్చారు, ఏది నమ్మబుద్ధి కాలేదు. మెచ్చుకోలు కన్నా సందేహం ఎక్కువ కాలం పనికొస్తుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. పదిహేడేళ్ల వయసులో చదివినప్పుడు, సంస్కర్తలా మాట్లాడే గిరీశం, చిన్నవయసులోనే వితంతువైన బుచ్చమ్మతో వితంతు వివాహం గురించి మాట్లాడే ఘట్టం పక్కన నీలి బాల్‌పెన్నుతో ‘ఎంత బాగా చెప్పాడు!’ అని రాసుకున్నాను. అప్పుడు నాకు గిరీశం మాటకారితనమే కనిపించింది, సంస్కరణ గురించి మాట్లాడేవాడు మంచివాడే అయి ఉంటాడనుకున్నాను. ముప్పై నాలుగేళ్ల వయసులో అదే పేజీ తెరిచి నా దస్తూరీ చూసుకున్నప్పుడు ముఖం వేడెక్కింది. ఈ మధ్యలో నా మేలు కోరుతున్నామంటూ తీయగా మాట్లాడిన మనుషులను నేనూ చూశాను, ఒకరి మాట నమ్మి నష్టపోయాను కూడా. ఆ రోజు పెన్సిలు తీసుకుని నీలి సిరా కింద ‘ఆమెకు కావలసింది ఏమిటని ఒక్కసారైనా అడిగాడా?’ అని రాశాను. అప్పటి నుంచి నా గురించి నిర్ణయం తీసుకుంటూ ఎవరైనా ఆదర్శాలు మాట్లాడితే ఆ ప్రశ్నే వేసుకుంటున్నాను. పుస్తకం మనిషిని మారుస్తుందనే మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే. మొదటిసారి చదివినప్పుడు అది మనలోకి చేరుతుంది. బతుకులో దెబ్బ తిని తిరిగి వచ్చి చదివినప్పుడు పనిలోకి వస్తుంది.

మళ్లీ చదవడానికి ఎంత విరామం ఉండాలని అడుగుతారు. ఏడాదికోసారి చదివితే వాక్యాలు కంఠతా వస్తాయి తప్ప కొత్తగా ఏదీ కనబడదు. ఏడెనిమిదేళ్లు, పదేళ్లు ఆగడం మంచిదని నా అభిప్రాయం. పెళ్లి, పిల్లలు, ఉద్యోగం మారడం, ఇంట్లో పెద్దవాళ్లు పోవడం వంటి పెద్ద మార్పు ఏదైనా జరిగిన తర్వాతైతే ఇంకా మంచిది. ఈసారి మొదట మీ పాత రాతలు చూడకుండా చదవండి. వాటిని కనబడనివ్వకుండా పోస్టుకార్డంత అట్టముక్కను పేజీ అంచున జరుపుకుంటూ పోతే చాలు. ఒక అంకమో అధ్యాయమో అయ్యాక అట్ట తీసి, అప్పటి మనిషి ఏమన్నదో చూడండి. కొట్టివేయకండి, చెరపకండి. ఎంత సిగ్గనిపించినా ఆ రాత అలాగే ఉండాలి. కింద కొత్త తేదీ వేసి కొత్త మాట రాయండి.

మళ్లీ చదివేటప్పుడు ఒక పాత్రను ముందే ఎంచుకుని ఆ పాత్ర వైపు నుంచే చదవడం నాకు బాగా ఉపయోగపడింది. కూతురు పుట్టాక నేను బుచ్చమ్మ తల్లి వెంకమ్మ వైపు నుంచి చదివాను. పెద్దకూతురు వితంతువై కళ్లెదుటే తిరుగుతుంటే, చిన్నపిల్ల సుబ్బిని డబ్బు పుచ్చుకుని ముసలివాడికి కట్టబెడతానని భర్త పట్టుబడితే ఆ తల్లి పడే వేదన, అంతకుముందు రెండుసార్లూ నవ్వుకుంటూ దాటేసిన పేజీల్లోనే ఉంది. నాటకమైతే పైకి చదవండి, ఇంట్లో ఇంకొకరు ఉంటే పాత్రలు పంచుకోండి. నవలైనా సంభాషణలు పైకి చదివితే ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు నోరు మెదపడం లేదో చెవికి పట్టుబడుతుంది.

ఒకప్పుడు ప్రాణంగా అనిపించిన పుస్తకం తిరిగి చదివితే వెలవెలబోవచ్చు. నాకు అలా రెండు నవలలు పోయాయి. బాధ కలిగినా అమ్మేయవద్దు. అప్పట్లో దానిలో ఏం వెతుక్కున్నారో చివరి పేజీలో రాసి పక్కన పెట్టండి, ఆ నాలుగు వాక్యాలే ఇక ఆ పుస్తకం విలువ.

ప్రతిని కాపాడుకోవడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చినిగిన పేజీకి సెలోటేపు అంటించకండి, కొన్నేళ్లకు పచ్చబడి అక్షరాలను మింగేస్తుంది. గోడకు ఆనించి పెట్టకండి, వానాకాలం చెమ్మ పట్టి చెదలు చేరతాయి. కుట్టు వదిలితే బైండింగు చేయించండి, కానీ అంచులు కత్తిరించవద్దని ముందే గట్టిగా చెప్పండి. ఆ మాట చెప్పడం మరిచిపోయినందుకు నా ప్రతిలో మూడో అంకం పక్కన రాసుకున్న మాటల్లో సగం తెగిపోయాయి.

పిల్లలకు మీ పుస్తకం ఇవ్వాలనిపిస్తుంది. చదవమని వెంటపడకండి, మీ రాతలున్న ప్రతిని మొదటే ఇవ్వకండి. వాళ్లకు వాళ్ల కళ్లతో చదివే అవకాశం ఉండాలి. మా అమ్మాయికి శుభ్రమైన ప్రతి కొనిచ్చి ఊరుకున్నాను, మూడేళ్లు ముట్టుకోలేదు. పందొమ్మిదో ఏట చదివాక నా ప్రతి అడిగి తీసుకుంది. తిరిగి ఇచ్చినప్పుడు చివరి అంకంలో, బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపించే ఏర్పాటు జరిగేచోట, నా మూడు తేదీల కింద ఆకుపచ్చ పెన్సిలుతో ఒక వాక్యం ఉంది: ‘అక్కడికి వెళ్లాక ఈమె ఏం చదువుకుందో, అమ్మా?’