లాభం ఐదు కోట్లు దాటాక: సీఎస్ఆర్ లెక్క, ఖర్చు, అంతకుముందు గేటు లోపల చూసుకోవాల్సినవి

బెంగళూరు పారిశ్రామికవాడలైన పీణ్యలోనో బొమ్మసంద్రలోనో యూనిట్ నడుపుతున్న కంపెనీకి లాభాలు పెరిగాక ఒక ఏడాది ఆడిటర్ వచ్చి "ఇక మీకు సీఎస్ఆర్ వర్తిస్తుంది" అని చెబుతారు. అంటే లాభంలో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టాల్సిన చట్టబద్ధ బాధ్యత. చాలాచోట్ల ఆ తర్వాత జరిగేది ఒకటే. ఫిబ్రవరి దాకా ఎవరూ పట్టించుకోరు. మార్చిలో హడావుడిగా తెలిసినవాళ్ల ట్రస్టుకు చెక్కు రాసి, ఫొటో దిగి, ఫైలు మూసేస్తారు. కాగితం మీద సరిపోయినా, ఆ డబ్బు ఎవరికి అక్కరకొచ్చిందో కంపెనీలో ఒక్కరూ చెప్పలేరు. డబ్బు గేటు దాటి బయటికి వెళ్లకముందే గేటు లోపల ఎవరి డబ్బు ఆగిపోయిందో చూసుకోవాలన్నది మా గట్టి నమ్మకం. అందుకే ఇక్కడ ఆ భాగానికి ఎక్కువ చోటిచ్చాం.

ముందు లెక్క

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. గడిచిన ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు - ఈ మూడింటిలో ఏ ఒక్కటి అందుకున్నా కంపెనీ దీని కిందికి వస్తుంది. మధ్యతరహా కంపెనీలను పట్టేది సాధారణంగా లాభం గీతే.

ఖర్చు పెట్టాల్సింది గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం. ఉదాహరణకు 2022-23లో 3.2 కోట్లు, 2023-24లో 4.6 కోట్లు, 2024-25లో 6 కోట్లు లాభం వచ్చిందనుకోండి. సగటు 4.6 కోట్లు. 2025-26లో పెట్టాల్సింది 9.2 లక్షలు. ఇక్కడ లాభం అంటే పన్ను కట్టకముందు లాభం, అదీ 198వ సెక్షన్ చెప్పిన పద్ధతిలో లెక్కగట్టినది. లాభనష్టాల పట్టికలో కనిపించే అంకెను అలాగే ఎత్తి రాస్తే తప్పు పడుతుంది. కంపెనీ స్థలం అమ్మినప్పుడు కొన్న ధరను మించి వచ్చిన లాభాన్ని, ఉదాహరణకు, ఇందులో కలపకూడదు.

ఖర్చు పెట్టాల్సిన మొత్తం 50 లక్షలు దాటకపోతే ప్రత్యేకంగా సీఎస్ఆర్ కమిటీ అక్కర్లేదు, బోర్డే ఆ పని చూసుకోవచ్చు. కింద చెప్పబోయే అన్‌స్పెంట్ సీఎస్ఆర్ అకౌంటులో డబ్బు ఉంటే మాత్రం కమిటీ వేయాల్సిందే. బడ్జెట్ వేసేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఈ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో వ్యాపార ఖర్చుగా చూపడం కుదరదు. దీనికోసం కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీకి క్రెడిట్ కూడా రాదు. కాబట్టి 9.2 లక్షలంటే జీఎస్టీతో కలిపి 9.2 లక్షలని అనుకునే కొటేషన్లు తెప్పించుకోవాలి.

గేటు లోపల

అతి తక్కువ ధర కోట్ చేసిన కాంట్రాక్టరుకు హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ అప్పగించడం అందరూ చేసేదే. ఆ ధర ఎలా సాధ్యమైందో ఒకసారి లెక్కేయండి. ఒక మనిషికి చట్టప్రకారం ఇవ్వాల్సిన కనీస వేతనం నెలకు 15,000 అనుకుందాం. దాని మీద యజమాని వైపు నుంచి పీఎఫ్ సంబంధిత చెల్లింపులు 13 శాతం, అంటే 1,950. ఈఎస్ఐ 3.25 శాతం, అంటే దాదాపు 488. బోనస్ 8.33 శాతం, దగ్గర దగ్గర 1,250. మొత్తం 18,688 అయింది. సెలవులు, యూనిఫాం, కాంట్రాక్టరు లాభం ఇంకా కలపలేదు. అలాంటిది మనిషికి 17,500 చొప్పున కోట్ వచ్చిందంటే, తేడా ఆ పనివాళ్ల జీతంలోంచే కోస్తారు. అలాంటి కోట్ తీసుకున్న మేనేజర్‌కు ఆ సంగతి తెలియదని అనుకోలేం.

ఎలా కోస్తారంటే: యజమాని వాటా పీఎఫ్ కూడా పనివాళ్ల జీతంలోనే పట్టుకుంటారు. నెలకు ఇరవై ఆరు రోజులు పనిచేసినవాళ్లకు చలానాలో పదిహేను రోజులే చూపిస్తారు. బ్యాంకులో పూర్తి జీతం వేసి, కొంత నగదుగా వెనక్కి తీసుకుంటారు. ఈఎస్ఐ కట్టలేదన్న సంగతి బిడ్డకు జ్వరమొచ్చి రాజాజీనగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి పోయిన రోజున గానీ తెలియదు.

పట్టుకోవడానికి పెద్ద ఆడిట్ అక్కర్లేదు. పీఎఫ్ చెల్లించడానికి గడువు ప్రతి నెలా 15. ఆ తర్వాత కాంట్రాక్టరు దగ్గర చలానా ఒక్కటే కాకుండా, పేరుపేరునా యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల గుర్తింపు) నంబర్లున్న జాబితా కూడా తెప్పించుకోండి. గేటు దగ్గరున్న హాజరు పట్టీలో ఐదు పేర్లు తీసి దాంతో సరిపోల్చండి. ఆ ఐదుగురినీ ఉమంగ్ యాప్‌లో తమ పీఎఫ్ పాస్‌బుక్ తెరవమనండి. బెంగళూరులో ఈ పనుల్లో ఉన్నవాళ్లలో అనంతపురం, కర్నూలు, పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది. సూపర్‌వైజర్ పక్కన లేనప్పుడు, టీ వేళలో, తెలుగులో "అక్కా, పోయిన నెల చేతికెంత వచ్చింది? అందులో ఎవరికైనా తిరిగిచ్చావా?" అని అడిగితే అసలు విషయం బయటపడుతుంది. ఆ సమాధానం వల్ల ఆమె ఉద్యోగం పోకుండా చూసే పూచీ అడిగినవాళ్లదే. పేరు బయటపెట్టకుండా కాంట్రాక్టరు లెక్కలన్నీ తెప్పించుకుని చూడాలి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే దాన్ని చెల్లించాల్సిన బాధ్యత చట్టప్రకారం కంపెనీ మీదే పడుతుందన్నది మరవద్దు.

చిన్న సప్లయర్లకు మనం ఇవ్వాల్సిన బాకీలదీ ఇదే కథ. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (కేంద్రం దగ్గర చిన్న సంస్థల నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. వడ్డీ అడిగే సప్లయర్ మాత్రం దాదాపు ఉండడు, అడిగితే మరుసటి ఆర్డరు పోతుంది. అతని నోరు లేవకపోవడాన్ని అంగీకారంగా తీసుకోకూడదు. అకౌంట్స్‌లో ఏ బిల్లు ఎన్నాళ్లుగా ఆగిందో చూపే పట్టిక తీయించి, 45 రోజులు దాటిన చిన్న సంస్థల బిల్లులు ముందు కట్టేయండి.

ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు), సెప్టిక్ ట్యాంకుల సంగతికొస్తే ఒక్క నియమం చాలు: లోపలికి మనిషిని దించకూడదు. రక్షణ ఏర్పాట్లు లేకుండా దించడాన్ని పాకీపనిని నిషేధించిన 2013 చట్టం నేరంగా చూస్తుంది. వర్క్ ఆర్డర్‌లో యంత్రంతోనే శుభ్రం చేయాలని రాయించి, పని జరిగేటప్పుడు మీ మనిషి అక్కడే నిలబడాలి.

పదిమంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం సగం మహిళలు, బయటి నుంచి ఒకరు ఉండాలి. కాంట్రాక్టు మహిళలూ దీని పరిధిలోకి వస్తారు. నోటీసు ఇంగ్లిష్‌లో మాత్రమే అంటిస్తే క్యాంటీన్‌లో పనిచేసే ఆమెకు ఉపయోగం లేదు. కన్నడ, తెలుగు, తమిళం, హిందీల్లో, సభ్యుల ఫోన్ నంబర్లతో, మహిళల టాయిలెట్ తలుపు లోపలి వైపు అంటించండి. అక్కడైతే ఎవరైనా చూస్తారన్న భయం లేకుండా నంబరు రాసుకోవచ్చు.

లంచాల విషయంలో ఒక గడువు తెలిసి ఉండాలి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాళ్లదీ నేరమే. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలియజేయాలి. "ఏజెంటు చూసుకుంటాడు" అని పర్మిట్ పని అప్పగించి చేతులు దులుపుకునే అలవాటు మేనేజర్ల మెడకే చుట్టుకుంటుంది.

అవసరం ఎక్కడుందో చూడటం

కంపెనీ ఉన్న ప్రాంతానికి, దాని చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వమంటుంది చట్టం. బొమ్మసంద్ర యూనిట్ అయితే ఆనేకల్ తాలూకా ప్రభుత్వ పాఠశాలలు నడకదూరంలోనే ఉంటాయి. మారథాన్ స్పాన్సర్‌షిప్, ఉద్యోగుల కోసమే పెట్టిన పథకాలు, బ్రాండ్ ప్రచారం సీఎస్ఆర్‌గా చెల్లవు. పాత కంప్యూటర్లు ఇచ్చి వాటికి విలువ కట్టి చూపడమూ కుదరదు. ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చినది కూడా లెక్కలోకి రాదు.

తాగునీటి ప్లాంటునే తీసుకోండి. చాలా కంపెనీలు మొదట ఎంచుకునేది అదే, మూలన పడేదీ అదే. కొనకముందు బోరు నీళ్లను ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం లీటరులో కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాములలోపు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాములోపు ఉండాలి, నైట్రేట్ 45 దాటకూడదు. ఇవన్నీ సరిగ్గా ఉండి కేవలం సూక్ష్మజీవులే సమస్య అయితే ఆర్‌ఓ వద్దు, వడపోత, యూవీ (అతినీలలోహిత కిరణాలతో శుద్ధి) సరిపోతాయి. అనవసరంగా ఆర్‌ఓ పెడితే తోడిన నీళ్లలో చాలా భాగం మురుగులోకి పోతుంది. ఎండాకాలంలో బోరు అడుగంటే ఊళ్లో అది పాపం. పావగడ, బాగేపల్లి వైపు ఫ్లోరైడ్ ఎక్కువున్నచోట మాత్రం ఆర్‌ఓ కావాలి.

ప్లాంటు ఎందుకు ఆగిపోతుంది? మొదట ఉండే ఫిల్టరును సమయానికి మార్చరు, మట్టి వెళ్లి మెంబ్రేన్ (ఆర్‌ఓలో నీటిని శుద్ధిచేసే పొర) మూసుకుపోతుంది. కొత్త మెంబ్రేన్‌కు పాఠశాల దగ్గర డబ్బుండదు. కరెంటు బిల్లు ఎవరు కట్టాలో ఎక్కడా రాసుండదు. వేసవి సెలవుల్లో రెండు నెలలు నీళ్లు నిలిచి లోపలంతా పాచి పడుతుంది. అందుకే మొత్తం డబ్బు యంత్రానికే పెట్టకూడదు. 9.2 లక్షల్లో 6 లక్షలు ప్లాంటుకు, ట్యాంకుకు, ప్లంబింగ్‌కు పెట్టి, మిగతాది తర్వాతి మూడేళ్ల ఫిల్టర్లకు, సర్వీసుకు, నీటి పరీక్షలకు ఉంచండి. ఇందుకు చట్టంలో దారి ఉంది. మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్ల వరకు సాగే పనిని బోర్డు "కొనసాగే ప్రాజెక్టు"గా తీర్మానించవచ్చు. మిగిలిన డబ్బును ఏప్రిల్ 30లోపు షెడ్యూల్డ్ బ్యాంకులో తెరిచిన "అన్‌స్పెంట్ సీఎస్ఆర్ అకౌంట్"కు మార్చాలి. ఈ వెసులుబాటును తగినంతగా వాడుకోకపోవడం చూస్తే బాధేస్తుంది.

ప్రభుత్వ పాఠశాల అయితే ఎస్‌డీఎంసీ (పాఠశాల అభివృద్ధి కమిటీ) తీర్మానం, బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. పూర్తయ్యాక ప్లాంటు కంపెనీ పేరున ఉండకూడదు, విద్యాశాఖకు అప్పగించాలి.

సంస్థను ఎంచుకోవడం, డబ్బివ్వడం

స్వచ్ఛంద సంస్థ ద్వారా చేయిస్తే దానికి ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) దగ్గర సీఎస్ఆర్-1 నమోదు నంబరు ఉండాలి. పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ) నమోదులు చెల్లుబాటులో ఉన్నాయో లేదో తేదీలు చూడండి. మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడగండి. ఆ తర్వాత వాళ్లు రెండేళ్ల కిందట పూర్తిచేసిన పని ఒకటి మీరే ఎంచుకుని, చెప్పకుండా వెళ్లి చూడండి. వాళ్లు చూపించేది చూస్తే సరిపోదు.

"చెక్కు ఇవ్వండి, కమిషన్ పట్టుకుని మిగతాది నగదుగా ఇస్తాం" అనే బేరం ఈ రంగంలో ఉంది. దాంట్లో దిగితే అది సీఎస్ఆర్ ఉల్లంఘనతో ఆగదు, మోసం, నల్లడబ్బు కేసు అవుతుంది. లబ్ధిదారుల జాబితాలో సంతకాలన్నీ ఒకే చేతిరాతలా ఉండటం, బిల్లులన్నీ ఒకే వారంలో ఒకే దుకాణం పేరిట ఉండటం, సైటుకు మీరు ఎప్పుడు వస్తామన్నా "ఈవారం వద్దు" అనడం - ఈ మూడూ కలిసి కనిపిస్తే ఆపేయండి.

ఒప్పందంలో 40, 40, 20 శాతాలుగా డబ్బివ్వడం బాగుంటుంది. చివరి 20 శాతం, అప్పగింత పత్రం, నీటి పరీక్ష రిపోర్టు చేతికొచ్చాక. పని పూర్తయ్యాకే మొత్తం ఇస్తామంటే చిన్న సంస్థలు అప్పుల పాలవుతాయి. ఇంకో పొరపాటు: పాలనా ఖర్చులకు 5 శాతం పరిమితి ఉంది కదా అని సంస్థ ఫీల్డ్ ఉద్యోగి జీతాన్ని కోసేస్తారు. ఆ పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చుకే వర్తిస్తుంది, మన ఉదాహరణలో అది 46,000. పాఠశాలకు వెళ్తూ ప్లాంటు చూసుకునే మనిషి జీతం ప్రాజెక్టు ఖర్చే.

డబ్బు అనుకున్న పనికే ఖర్చయిందని ఫైనాన్స్ బాధ్యుడు బోర్డుకు ధ్రువీకరించాలి. సంతకం పెట్టేవాళ్లు బిల్లులతో పాటు ప్లాంటు సీరియల్ నంబరున్న ఫొటో కూడా చూసి పెట్టడం మంచిది.

కొనసాగే ప్రాజెక్టు కాని పనిలో డబ్బు మిగిలితే ఆరు నెలల్లోపు, అంటే సెప్టెంబర్ 30కి, కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో పేర్కొన్న నిధికి (ఉదాహరణకు ప్రధానమంత్రి జాతీయ సహాయనిధి) జమ చేయాలి. చేయకపోతే కంపెనీకి జమ చేయాల్సినదానికి రెండింతలు లేదా కోటి, ఏది తక్కువైతే అది జరిమానా. బాధ్యుడైన అధికారికి జమ చేయాల్సినదానిలో పదో వంతు లేదా రెండు లక్షలు, ఏది తక్కువైతే అది. ఎక్కువ ఖర్చు పెట్టిన ఏడాది ఉంటే, బోర్డు తీర్మానంతో ఆ ఎక్కువను తర్వాతి మూడేళ్లలో సర్దుకోవచ్చు.

ప్లాంటు పెట్టిన ఆరు నెలలకు, పాఠశాల తెరిచిన రెండో వారంలో, ముందుగా ఫోన్ చేయకుండా వెళ్లండి. కుళాయి తిప్పి చూడండి. ఫిల్టరు ఎప్పుడు మార్చారో ప్లాంటు పక్క రిజిస్టరులో తేదీ చూడండి. పిల్లల సీసాల్లో ఆ నీళ్లే ఉన్నాయా, ఇంటి నుంచి తెచ్చుకుంటున్నారా అడగండి. ఇంటి నుంచే తెచ్చుకుంటుంటే, కారణం రాసుకుని అదే వారం బోర్డుకు పంపండి. అన్‌స్పెంట్ అకౌంటులో ఉంచిన డబ్బు దాన్ని సరిచేయడానికే.