ఆడిట్ మానేసి చరిత్ర టీచర్ అయ్యాక: మొదటి రోజు క్లాసు ఎలా మొదలుపెట్టాలి

పదమూడేళ్లు ఆడిట్ పని చేసి టీచరుగా మారాను. ఇప్పుడు ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ప్రపంచ చరిత్ర చెబుతున్నాను. నాలాగే వేరే ఉద్యోగం వదిలి వచ్చి, మొదటిసారి క్లాసులో అడుగుపెట్టబోతూ టెన్షన్ పడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. మొదటి పీరియడ్‌లో పావుగంట నా గురించే చెప్పుకున్నాను. ఏం చేసేదాన్ని, ఎందుకు మానేశాను, చరిత్రంటే ఎంత ఇష్టం... మిగతా టైమంతా రూల్సు. చివరి బెంచీలో ఒకడు చేయెత్తాడు. ప్రశ్న వచ్చిందని సంబరపడ్డాను. "టీచర్, బెల్ ఎప్పుడు కొడతారు?" అన్నాడు.

పాత ఉద్యోగం గురించి రెండు ముక్కలు చాలు. నేనిప్పుడు చెప్పేది ఇంతే: "కాగితం మీద రాసింది నిజమో కాదో చూడటం నా పాత పని. ఇక్కడా అదే పని, కాగితాలు మాత్రం బాగా పాతవి." ఆ వెంటనే హాజరు పిలవండి.

హాజరు అయిపోగానే ఇంకో హాజరు పట్టీ చేతికివ్వండి. ఈజిప్టులో రాజుల సమాధులు తొలిచిన పనివాళ్లది. రెండో రామ్సెస్ ఏలుబడిలో 40వ ఏట, అంటే సుమారు క్రీ.పూ. 1250లో సున్నపురాయి పలక మీద రాశారు. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాదాపు 40 మంది పేర్లు, వాళ్లు పనికి రాని రోజులు, రాకపోవడానికి కారణాలు ఉంటాయి. రోజులు నల్ల సిరాతో, కారణాలు ఎర్ర సిరాతో రాశారు. మొదటిసారి చూసినప్పుడు ఆ గుమాస్తాతో కాసేపు కూర్చుని మాట్లాడాలనిపించింది నాకు. నా పాత ఆఫీసులో ఇంత శుభ్రంగా ఎవరూ రాసేవాళ్లు కాదు.

అది ఏమిటో మీరు చెప్పేయకండి. కొన్ని కారణాలు మాత్రం బోర్డు మీద రాయండి: ఒంట్లో బాగోలేదు, తేలు కుట్టింది, ఇంట్లోవాళ్ల అంత్యక్రియలు, బీరు కాచడం. నవ్వుతారు, నవ్వనివ్వండి. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎవరు రాశారు? ఎవరికి చూపించడానికి రాశారు? ఎంతవరకు నమ్మొచ్చు? మూడో ప్రశ్న దగ్గర క్లాసు ఒక్కసారిగా చప్పబడుతుంది. కంగారుపడి జవాబు చెప్పేయొద్దు. నేను మనసులో పది లెక్కపెడతాను. ఎనిమిది దగ్గర ఎవరో ఒకరు అంటారు: "తేలు కుట్టిందని అబద్ధం చెప్పాడేమో!" మీకు కావలసింది సరిగ్గా అదే మాట. అక్కడి నుంచి వాళ్లే లాక్కుపోతారు. ఆ మర్నాడు మా క్లాసులో ఆలస్యంగా వచ్చిన ముగ్గురినీ తేలే కుట్టింది.

రెండో పనికి దారం కావాలి. ఐదున్నర మీటర్లు కొలిచి గోడకు కట్టండి. ఒక చివర ఈ ఏడాది. మిల్లీమీటరుకు ఒక ఏడు. పిల్లల వయసు ఆ చివర సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని వేలితో ముట్టుకుని చూసుకోనివ్వండి. తర్వాత చీటీలు ఇచ్చి, పుస్తకం చూడకుండా అంచనాతో తగిలించమనండి: గిజాలోని పెద్ద పిరమిడ్, క్లియోపాత్రా మరణం, చంద్రుడి మీద మనిషి. దాదాపు అందరూ పిరమిడ్‌నీ క్లియోపాత్రానీ పక్కపక్కనే పెడతారు. ఇద్దరిదీ ఈజిప్టే కదా మరి. ఇప్పుడు స్కేలు తీయండి. పిరమిడ్ దాదాపు 4 మీటర్ల 60 సెంటీమీటర్ల దూరంలో, క్లియోపాత్రా (క్రీ.పూ. 30) 2 మీటర్లు దాటగానే, చంద్రుడు (1969) ఐదారు సెంటీమీటర్లలో వస్తాయి. అంటే క్లియోపాత్రాకు పిరమిడ్ కట్టిన కాలం కన్నా మన కాలమే దగ్గర. ఇది నోటితో చెబితే తలూపుతారు. దారం మీద చూస్తే నమ్మరు, మళ్లీ కొలుస్తారు.

ఇక్కడే నేను దొరికిపోయాను. క్రీ.పూ. 30 నుంచి క్రీ.శ. 30 వరకు 60 ఏళ్లని బోర్డు మీద రాశాను. "సున్నా సంవత్సరం ఉందా టీచర్?" అని ఒకమ్మాయి అడిగింది. లేదు. క్రీ.పూ. 1 తర్వాత వచ్చేది క్రీ.శ. 1, కాబట్టి 59 ఏళ్లే. లెక్కలతో పదమూడేళ్లు బతికిన నేను పన్నెండేళ్ల పిల్ల ముందు తుడిచి రాసుకున్నాను. ఇలాంటప్పుడు సర్దిచెప్పబోకండి. తప్పు రాశానని ఒప్పుకుని దిద్దండి. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి నేను రాసే ప్రతి అంకెనూ చూస్తోంది.

దారం రెండో చివర, ఐదు మీటర్లు దాటాక, ఉరుక్ (ఇప్పటి ఇరాక్‌లోని ప్రాచీన నగరం) మట్టిపలకలు. వాటిలో ఎక్కువ భాగం లెక్కలే. ఒకదాని మీద 29,086 కొలతల బార్లీ, 37 నెలలు, కుషిమ్ అని ఉంటుంది. కుషిమ్ మనిషి పేరో, పదవి పేరో ఇంకా తేలలేదు. నాకైతే మా వృత్తివాడే అనిపిస్తుంది. పిల్లలకు మాత్రం ఆ మాట చెప్పను. రుజువేది అని అడుగుతారు.

ఇంటిపని చిన్నదే. బ్యాగులో ఉన్నవాటిలో 500 ఏళ్ల తర్వాత ఏది మిగులుతుంది? దాన్ని చూసి మన గురించి ఏం తప్పుగా అనుకుంటారు? ఇంటి నుంచి పాత వస్తువు తెమ్మని మాత్రం అడగొద్దు. అందరి ఇళ్లలోనూ ఉండవు, ఉన్నా కొన్నిటి వెనక చెప్పుకోలేని బాధ ఉంటుంది.

మర్నాడు ఆ జవాబులు చదివించాక ఓన్‌ఫీమ్ బొమ్మలు చూపించండి. 13వ శతాబ్దంలో రష్యాలోని నోవ్‌గొరొడ్‌లో ఓన్‌ఫీమ్ అనే ఆరేడేళ్ల పిల్లాడు భోజపత్రం (చెట్టు బెరడు) మీద అక్షరాలు దిద్దుతూ మధ్యలో గుర్రపు రౌతును గీశాడు. గాలి చొరని తడి మట్టిలో ఉండిపోవడం వల్ల అది మిగిలింది. రాతి పలకను ఎడారి పొడి కాపాడితే, దీన్ని తడి కాపాడింది. నోట్సు వెనక పేజీల్లో బొమ్మలు గీసేవాళ్లు ఆ రోజు మీకు బాగా దగ్గరవుతారు.

రూల్సు మూడో రోజు చెప్పండి, అరపేజీ చాలు. అప్పటికి సగంమంది పేర్లు మీకు వచ్చేసి ఉంటాయి.