హబుల్ గ్రాఫ్ తేడాగా వస్తోందా? ముందు దూరాల కాలమ్ చూడండి

హన్మకొండలో ఫిజిక్స్ ప్రాజెక్టు చేసే పిల్లలు గెలాక్సీల డేటా దింపుకుని దూరానికీ వేగానికీ గ్రాఫ్ గీస్తారు. ఆ గీత వాలే హబుల్ స్థిరాంకం, అంటే విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో చెప్పే అంకె. ఒక్కో మెగాపార్సెక్ (10 లక్షల పార్సెక్కులు; ఒక పార్సెక్ సుమారు 3.26 కాంతి సంవత్సరాలు) దూరానికి సెకనుకు 70 కిలోమీటర్ల దగ్గర రావాలి. రాకపోతే సాయంత్రం నాకు ఫోన్.

సమస్య: 0.00007 వచ్చింది.
దూరం పార్సెక్కుల్లోనే ఉండిపోయింది. 10 లక్షలతో భాగించండి. వాలు లక్షల్లో వస్తే మాత్రం, ప్రకాశం నుంచి దూరం లెక్కగట్టేటప్పుడు 10కి ఘాతం వేయాల్సిన చోట ఈఎక్స్‌పీ ఫంక్షన్ (అది 10కి బదులు eకి ఘాతం వేస్తుంది) వాడారేమో చూసుకోండి.

సమస్య: ఆండ్రోమెడా వేగం మైనస్‌లో ఉంది.
తప్పేం లేదు. అది నిజంగానే సెకనుకు 300 కిలోమీటర్ల చొప్పున మనవైపు వస్తున్నట్టు కనిపిస్తుంది. అందులో పాలపుంత చుట్టూ సూర్యుడు తిరిగే వేగం కూడా కలిసి ఉంది. 10 మెగాపార్సెక్కుల దగ్గర విస్తరణ వేగమే 700; అక్కడ 300 సొంత కదలిక అంటే గ్రాఫ్ చెదిరినట్టే. 100 దాటాక అది 4 శాతమే. అందుకే దగ్గరివి వదిలేయండి. రెడ్‌షిఫ్ట్ (దూరమయ్యే గెలాక్సీ కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందో చెప్పే అంకె) 0.1 దాటితే గీత వంగుతుంది, అవీ వద్దు.

సమస్య: సరిగ్గా 70.0 వచ్చింది, చుక్కలన్నీ గీత మీదే!
ఒకమ్మాయి సంబరంగా చూపించింది. నాకు అనుమానం వచ్చింది. నిజం డేటా అంత బుద్ధిగా ఉండదు. కాలమ్ వివరణ తెరిస్తే, ఆ దూరాలను స్థిరాంకం 70 అనుకుని రెడ్‌షిఫ్ట్ నుంచే లెక్కగట్టారు. వేసిందే తిరిగొచ్చింది. సెఫీడ్ తారలతోనో (వెలుగు క్రమం తప్పక పెరిగి తగ్గే తారలు), సూపర్నోవాలతోనో (పేలిపోయే తారలు) విడిగా కొలిచిన దూరాలే తీసుకోండి.

సమస్య: గీత బాగుంది, వాలు మాత్రం 60 లేదా 80.
తారల అసలు ప్రకాశం విలువలో తేడా. ప్రకాశాన్ని కొలిచే మాగ్నిట్యూడ్ లెక్క 0.1 తప్పితే దూరం 5 శాతం మారుతుంది. 1929లో హబుల్‌కే 500 వచ్చింది. సెఫీడ్లలో అసలు ప్రకాశం వేరుగా ఉండే రెండు రకాలున్నాయని 1952లో ఖగోళ శాస్త్రవేత్త బాడే చెప్పేదాకా ఎవరికీ తెలియదు. 500 ప్రకారం విశ్వం వయసు దాదాపు 200 కోట్ల ఏళ్లు. మన చుట్టూ ఉన్న గ్రానైట్ గుట్టలకే 250 కోట్లు!

ఇక 67కీ 73కీ మధ్య ఎక్కడో వస్తే ఫోన్ చేయకండి. విశ్వపు తొలినాటి కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం లెక్క 67.4, సెఫీడ్-సూపర్నోవా లెక్క 73. ఆ తేడా ఇంకా ఎవరికీ తేలలేదు.